మన సరిహద్దు అడవులలోని వింతజీవులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు వత్సరములుగా మన గ్రామమునకు అక్షరభిక్ష పెట్టుచున్న ఈ గ్రంథాలయమున బాలల విభాగములోని పుస్తకములే అందరికంటె ఎక్కువ నలిగినవి. అది సంతోషింపదగిన విషయము. కంగారు ఏ ఖండమున నుండునని అడిగినచో మన బాలురు తడుముకొనక ఆస్ట్రేలియా యందురు. జిరాఫీ మెడ యెంత పొడవో చెప్పుదురు. కాని మన చెరువుకట్టకు రెండు క్రోసుల దూరములో, చీకటిపడిన పిదప పుట్టలు త్రవ్వుకొనుచు తిరుగు అలుగును గూర్చి అడిగినచో నోరు మెదపరు. బాలుర నననేల, పెద్దలమును అంతే. దూరపు కొండలు నునుపన్న సామెత జంతువుల విషయమునను చెల్లుచున్నది. కావున నేడు నేను దూరదేశముల జోలికి పోక, గోదావరికి ఈవలనున్న పాల్వంచ, ఇల్లెందు అడవులును, ఆవలనున్న భద్రాచలపు మన్యమును, దిగువనున్న పాపికొండలును ఎరిగిన జీవులను గూర్చియే ముచ్చటింపదలచితిని.

ముందుగా ఈ నేలను గూర్చి నాలుగు మాటలు. మన ప్రాంతపు చిరునామా మారినన్ని మారులు మరియొక ప్రాంతపు చిరునామా మారి యుండదు. 1953లో వరంగల్లు జిల్లానుండి ఖమ్మము జిల్లా వేరుపడినది. తూర్పుగోదావరిలోని భద్రాచలము 1959లో ఖమ్మమున చేరినది. 2014లో భద్రాచలము చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. పట్టాదారు పుస్తకములును, బడి సర్టిఫికెట్లును దిద్దించుకొనలేక మనము పడిన పాట్లు మనకు తెలియును. అడవిదున్నకు ఈ బాధ లేదు. కిన్నెరసానికి నీరు త్రాగుటకు దాని తాతలు నడచిన బాటనే అదియు నడచుచున్నది. విశ్వనాథవారి పాటలవలన తెలుగువారందరికి ఆప్తురాలైన ఆ యేటి పేరనే 1977లో అభయారణ్యము నొకటి యేర్పరచిరి. దాని విస్తీర్ణము సుమారు 635 చదరపు కిలోమీటర్లు. దిగువ పాపికొండల యడవిని 2008లో జాతీయ వనముగా ప్రకటించిరి. అది వేయి చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. ఉత్తరమున బస్తరు అడవులు దీనికి ఆనుకొని యున్నవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కలిసిన ఈ పచ్చని త్రోవయే జంతువులకు రాజమార్గము.

ఇక అలుగు సంగతి. దీనిని చూచినవారు చేపయో, బల్లియో, పందియో తేల్చుకొనలేరు. ఒడలంతయు పెంకులతో కప్పబడియుండును గాని ఇది పాలిచ్చి పిల్లను పెంచు జంతువు. ప్రపంచమున ఎనిమిది జాతుల అలుగులు కలవు. నాలుగు ఆసియాలో, నాలుగు ఆఫ్రికాలో. మన అడవులది భారతీయపు అలుగు. దానికి పండ్లు లేవు. చీమలును చెదలును దాని ఆహారము. బలమైన ముంగాళ్ల గోళ్లతో పుట్టను చీల్చి, మూరెడు నాలుకను లోనికి చొప్పించి, జిగురునకు అంటుకొనిన చీమలను లోనికి లాగుకొనును. ఆ నాలుక వేరు నోటిలో నుండక ఛాతీ లోపలివరకు పోవును. నమలు పని యెవ్వరు చేయుదురన్నచో, కోడి గులకరాళ్లను మ్రింగినట్లు ఇదియు చిన్నచిన్న రాళ్లను మ్రింగి పొట్టలోనే ఆహారమును పిండి చేసికొనును. ఒక కాన్పునకు సాధారణముగ ఒక్కటే పిల్ల. తల్లి తోక మొదట కూర్చుండి, బండి యెక్కిన పిల్లవానివలె ఆ పిల్ల ఊరేగును. పెద్దపులి ఎదురైనను అలుగు పరుగెత్తదు. చుట్టుకొని బంతియగును. ఆ బంతిని విప్పుట పులికిని కష్టమే.

అయితే ఆ బంతియే దానికి మృత్యువైనది. పులి విప్పలేని బంతిని మనిషి ఎత్తి గోనెసంచిలో వేసికొని పోవచ్చును గదా! దాని పెంకులు మందునకు పనికివచ్చునను మూఢవిశ్వాసము చైనా మొదలగు దేశములలో ఉన్నందున, ప్రపంచమున అత్యధికముగా దొంగరవాణా యగుచున్న క్షీరజంతువులలో ఇది యొకటి యైనది. ఆ పెంకు యేమి? మన చేతి గోరు దేనితో నైనదో అదియు దానితోనే యైనది. గోళ్లు కత్తిరించి మంగలి పారవేయునది మందైనచో పెంకును మందే యగును! 2016లో దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గులో సమావేశమైన దేశములు అలుగుల అంతర్జాతీయ వ్యాపారమును పూర్తిగా నిషేధించుటకు తీర్మానించినవి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద ఇది మొదటి షెడ్యూలులోని జంతువు. దీనిని పట్టినవారికి మూడేండ్లకు తక్కువ గాని కారాగారవాసము, ఏడేండ్లవరకు పొడిగింపదగినది, విధింపవచ్చును. పట్టణమునుండి వచ్చు దళారి ఈ సంగతి చెప్పడు. లక్షలు వచ్చునని మాత్రము చెప్పును. జైలునకు పోవునది అడవిలోని పేదవాడు. దళారి మరియొక ఊరికి పోవును. ఇంకొక మాట. ఈ బీరువాలలోని పుస్తకములకు మొదటి శత్రువు చెదపురుగు. ఆ చెదలను తిని బ్రతుకు జంతువును చంపుట గ్రంథాలయ చందాదారులకు అసలే తగదని నా మనవి.

చెదలు తినువారిలో ఎలుగుబంటియు ఒకటి. ఇది పై దవడ ముందుపండ్లు రెండు లేని యెలుగు. 1791లో ఇంగ్లండులో షా అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు దీని పొడవాటి గోళ్లను, లేని పండ్లను చూచి దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడు స్లోత్ అను సోమరి జంతువు జాతిలో చేర్చి పేరు పెట్టినాడు. ఎలుగు అని తరువాత తేలినను ఇంగ్లీషులో ఆ సోమరి పేరు దానిని విడువలేదు. నిజమునకు ఆ ఖాళీ పంటిసందు దానికి గొట్టము వంటిది. పుట్టకు బొరియ చేసి, ముక్కుపుటములు మూసికొని, ముందు దుమ్మును ఊది, పిదప చెదలను పీల్చును. ఆ శబ్దము నిశ్శబ్దమైన రాత్రి నూరు గజములకు పైగా వినవచ్చును. పిల్లలను వీపుపై మోయు ఎలుగు ఇది. ఆ పొడవాటి వెండ్రుకలు పిల్లలకు పట్టుకొమ్మలు.

ఎలుగును గూర్చి వింతలు చెప్పి ఊరకుండుట ధర్మము కాదు. ఈ సభలో ఇప్పపువ్వు ఏరుటకు పోవు తల్లులు ఎందరో యున్నారు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపువ్వు రాత్రివేళ రాలును. తెల్లవారుజామున మనము బుట్టలతో పోదుము. అదే చెట్టుక్రిందికి, అదే వేళకు, అదే పువ్వుకొరకు ఎలుగుబంటియు వచ్చును. అడవిలో మనిషికిని ఎలుగునకును కలుగు ప్రమాదములలో పెక్కు ఇట్టివే. ఎలుగు మనిషిని తినుటకు వచ్చునది కాదు. తల వంచి తినుచుండగా మనిషి దగ్గరకు వచ్చువరకు పసిగట్టదు. హఠాత్తుగా చూచి భయపడి మీదబడును. దాని గోరు ముఖముపై పడినచో కన్ను పోవును, ముక్కు పోవును. కావున ఒంటరిగా పోవలదు. మసకచీకటిలో నిశ్శబ్దముగా నడువలదు. నలుగురు కలిసి, బిగ్గరగా మాటలాడుకొనుచు, చేత దీపము పట్టుకొని, కఱ్ఱతో పొదలను తట్టుచు పోవలెను. మనిషి వచ్చుచున్నాడని ముందుగా తెలిసినచో ఎలుగు చాలవరకు తనంతట తానే తప్పుకొనును. పువ్వు ఏరుట సులభమగునని చెట్టుక్రింద ఆకులకు నిప్పుపెట్టు అలవాటును మానుకొనుట మేలు. ఆ నిప్పు చెట్టుక్రిందనే ఆగదు.

అడవిదున్న మన అడవుల చక్రవర్తి. తెల్లదొరలు దీనిని బైసను అనిరి, అది పొరపాటు. బైసను అమెరికాలోను ఐరోపాలోను ఉన్నది. మనది పశుజాతిలో దానికదే యొక భేదము, నేటి భూమిమీదనున్న అడవిపశువులలో అన్నింటికంటె పెద్దది. కోడె మూపు మనిషి యెత్తుండును. బరువు వేయి కిలోగ్రాముల దరిదాపులకు పోవును. నల్లని ఒడలు, మోకాళ్లనుండి క్రిందికి తెల్లని మేజోళ్లు తొడిగినట్లు కాళ్లు. పుట్టినపుడు దూడ మాత్రము బంగారు వన్నెలో నుండును. భద్రాచలపు మన్యమున కోయ సోదరులు ఆ కొమ్ములను నెమలి యీకలతో కూర్చి తలపై ధరించి, పెద్ద డోలు వాయించుచు, దున్నలు కుమ్ములాడుకొనినట్లు ఆడు కొమ్ము నృత్యమును మీరందరు చూచియే యుందురు. ఆ కొమ్ములు తాతలనాటివి. ఇండ్లలో పూజనీయముగ దాచుకొనునవి. నిజమైన అడవియెనుము వేరు. ఒకప్పుడు గోదావరి తీరములవరకు తిరిగిన ఆ జంతువు నేడు బస్తరులోని ఇంద్రావతి యడవులలో కొద్దిగ మిగిలి, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాష్ట్రజంతువైనది.

అంతటి బలశాలికి శత్రువు పులి కంటె మన గొడ్డు. ముసరవ్యాధి వచ్చిన యేడు ఊరి పశువులతోబాటు అడవిదున్నల మందలును కూలిపోయెడివి. ఆ వ్యాధి ప్రపంచమునుండియే తొలగినదని 2011లో ప్రకటించిరి. మానవుడు నిర్మూలించిన పశువ్యాధి అదియొక్కటే. గాలికుంటు మాత్రము ఇంకను ఉన్నది. అడవికి తోలు మన పశువులకు గాలికుంటు టీకా వేయించినచో మన పాడికిని మేలు, దున్నకును మేలు.

పెద్దదాని ప్రక్కన చిన్నదానిని చెప్పుట బాగుండును. నాలుగు కొమ్ముల జంతువు నెందరు చూచినారు? కొండగొర్రె పోతుకు చెవుల నడుమ రెండు కొమ్ములు, నుదుటిపై రెండు చిన్న కొమ్ములు. పశువులు, మేకలు, గొర్రెలు, లేళ్లు చేరిన ఆ పెద్ద కుటుంబములో నాలుగు కొమ్ములు గల అడవిజాతి ప్రపంచమున మరియొకటి లేదు. అది భారతదేశమునను నేపాళమునను మాత్రమే యుండును. ఇరువది కిలోల బరువు, రెండడుగుల ఎత్తు. మందకట్టదు, ఒంటిగనో జంటగనో వాగుల సమీపమున తిరుగును. ప్రతిదినము నీరు కావలెను. ఇది ఒకేచోట మలవిసర్జన చేయు అలవాటు గలది. శుభ్రతయనుకొందమా యన్న, ఆ శుభ్రతయే దానికి చేటు తెచ్చును. వేటగాడు ఆ చోటునే కాచియుండును. దీనిని కుక్కగొర్రెతో పొరబడవలదు. కుక్కగొర్రె జింకజాతిది, పులినో చిరుతనో చూచినంతనే కుక్కవలె మొరిగి అడవినంతటిని మేల్కొలుపును.

ఇంతకంటె చిన్నది కురుపంది. పేరున పంది యున్నను పంది కాదు, చూపునకు జింకవలె నున్నను జింకయు కాదు. బరువు మూడు కిలోలు. ఒక బలిసిన నాటుకోడి యంత. కొమ్ములు లేవు, పోతుకు మాత్రము పైదవడనుండి సన్నని కోరలు దిగియుండును. నెమరువేయు జంతువుల పురాతన రూపము తెలియగోరువారు దీనిని చూడవచ్చునని శాస్త్రజ్ఞు లందురు. పగలు రాళ్ల సందులలో, చెట్టు తొఱ్ఱలలో దాగి రాత్రి తిరుగును. రాలిన పండ్లు దాని భోజనము. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010 నుండి, కణజీవశాస్త్ర పరిశోధనశాలవారి సహాయముతో దీని సంతతిని పెంచి, 2017లో నల్లమలలోని అమ్రాబాదు అడవిలో కొన్నింటిని విడిచిరి. ఒక జీవిని అడవిలో మాయము చేయుట ఒక్క ఉచ్చు పని. దానిని తిరిగి అడవికి చేర్చుటకు ఏడేండ్లు పట్టినది.

తక్కినవానిని త్వరగా ముగింతును. పిల్లలకు ఆకలి వేళయైనది. రేచుకుక్కలు మొరగవు, ఈలవేయును. ఆ ఈలలతోనే గుంపంతయు పొదలలో ఒకదానినొకటి యెరిగి వేటాడును. ఊరకుక్కకు నలువదిరెండు పండ్లు, దీనికి నలువదే. దుమ్ములగొండి పేరులోనే దాని వృత్తి యున్నది. మన పాతమాటలో దుమ్మనగా ఎముక. ఇతర జంతువులు విడిచిన ఎముకలను పిండిచేసి తిని అడవిని శుభ్రపరచునది. కుక్కను పోలియున్నను చుట్టరికము పిల్లికిని ముంగిసకును దగ్గర. పాపికొండలలోని గిరినాగు పాములను తిను పాము. ఆకులను ప్రోగుచేసి గూడు కట్టి గ్రుడ్లు పెట్టి కాపలా కాయు పాము లోకమున ఇదియొక్కటియే. గిరినాగు ఒక్క జాతియే యని నూటికి పైబడిన ఏండ్లు నమ్మిన శాస్త్రజ్ఞులు 2024లో దానిని నాలుగు జాతులుగా విభజించినారు. కిన్నెరసాని జలాశయములోని మొసలి గ్రుడ్లలో ఆడదియో మగదియో నిర్ణయించునది రక్తము కాదు, గ్రుడ్లున్న గుంట వేడిమి. మద్రాసులోని మొసళ్ల కేంద్రమున మొసళ్లు, కొంగలు గూళ్లు కట్టుకొను ఋతువున ముక్కుపై పుల్లలు మోయుచు కదలక యుండుటయు, పుల్లకై వచ్చిన కొంగను పట్టుటయు గమనించి 2013లో ప్రకటించిరి. మొసలి కన్నీరు కల్లయైనను మొసలి యుక్తి కల్ల కాదన్నమాట.

ఇప్పుడొక చేదుమాట. అలుగు, కొండగొర్రె, ఎలుగు, దున్న ఇవన్నియు మన పొలముల చుట్టు ఒకే విధముగా చచ్చుచున్నవి. అడవిపందుల కొరకని మొక్కజొన్న చేనిచుట్టు కట్టిన కరెంటు తీగయే కారణము. పంది ఒక్క రాత్రిలో ఆరుమాసముల కష్టమును నేలపాలు చేయును. ఆ రైతు కడుపుమంట నేనెరుగుదును. దానిని హేళన చేయువాడు ఒక్క పంటయైన పండించి యుండడు. కాని ఆ తీగకు పంది యేదో, పశువేదో, మనిషి యేదో తెలియదు. నీరు పెట్టుటకు రాత్రి పోయిన రైతులే ఆ తీగలకు బలియైన వార్తలు పత్రికలలో ప్రతి యేటను చదువుచున్నాము. నేరము కానివి, ప్రాణము తీయనివి రెండు మార్గములున్నవి. సౌరశక్తితో నడచు కంచె క్షణకాలము మాత్రము కొట్టి విడుచును. జంతువు బెదరిపోవును గాని చావదు. రెండవది మన తాతల మంచె. నలుగురు రైతులు వంతులవారీగ మంచెపై కాపలా యుండుట నామోషి యని మనకు ఎప్పుడు తోచినదో నాకు బోధపడదు. పంట పోయినపుడు అటవీ కార్యాలయమున పరిహారమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ అర్జీ వ్రాయుటకు ఈ గ్రంథాలయమున చదువుకొన్న యువకులు తోడ్పడినచో చందా డబ్బులకు ఫలితము దక్కినట్లే.

చివరగా ఒక పక్షి కథ. జంతువులను గూర్చి మాటలాడుమనిన పక్షిని తెచ్చితినని ఆక్షేపింపవలదు; భద్రాచలమునకు దానితో సంబంధమున్నది. జెర్డను అను మద్రాసు సైన్యపు వైద్యుడు నెల్లూరులో పనిచేసి, యానాదుల నడిగి జంతువుల తెలుగు పేర్లు సేకరించిన పండితుడు. 1867లో అచ్చైన ఆయన జంతుగ్రంథమున మన కొండగొర్రె, కురుపంది పేర్లు ఇంగ్లీషు అక్షరములలో నున్నవి. 1848 ప్రాంతమున ఆయన కడప సీమలో ఒక క్రొత్త పక్షిని లోకమునకు తెలిపెను. తరువాత బ్లాన్‌ఫర్డు అను భూగర్భశాస్త్రజ్ఞుడు అదే పక్షిని గోదావరి లోయలో సిరొంచ వద్దను, మన భద్రాచలము వద్దను కనుగొనినట్లు 1871 నాటికి వ్రాసినాడు. 1900 తరువాత అది యెవ్వరికిని కనబడలేదు. నశించినదనియే లెక్క కట్టిరి. ఎనుబదియేండ్లకు పైగా గడచినవి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు బొమ్మలు పట్టుకొని కడప పల్లెలలో అడుగగా, అక్కడివారు ఇది మా కలివికోడి యే కదా యనిరి. కలివి పొదలలో తిరుగునది గనుక ఆ పేరు. 1986 జనవరిలో పక్షి చేతికి చిక్కినది. 1988లో లంకమలలో దానికై అభయారణ్యము వెలసినది. రాత్రి తిరుగు పక్షియగుటచే పొదల నడుమ ఇసుక పరచి, తెల్లవారి అడుగుజాడలు చూచి వెదకిరి. 2000 తరువాత అచ్చటను అది కంటబడుట మిక్కిలి అరుదైనది. స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయపు వస్తుశాలలో 1917లో కోలారు వద్ద సేకరించిన దాని గ్రుడ్డొకటి యున్నట్లు 2013లో బయటపడినది!

విద్వాంసులకు ఎనుబదియేండ్లు దొరకని పక్షిని పల్లెవారు ఒక్క పేరుతో చెప్పగలిగిరి. భద్రాచలపు ఒడ్డున 1871లో ఆ పక్షి యుండగా మన కోయలు, కొండరెడ్లు దానిని ఏ పేరున పిలిచెడివారో ఏ పుస్తకమునను లేదు. అందుచేత పాలకవర్గమువారి అనుమతితో నేనొక గీతల పుస్తకమును తెచ్చి గ్రంథపాలకుని బల్లపై ఉంచుచున్నాను. అందు నాలుగు గడులు గీయించితిని: జంతువు లేక పక్షి పేరు, ఆ పేరు ఏ భాషలోనిది, చూచిన చోటు, చూచిన తిథియో తారీఖో. వ్రాయరాని పెద్దలు చెప్పినచో బడిపిల్లలు వ్రాసిపెట్టుదురు. అలుగును, కొండగొర్రెను చూచిన చోటు మాత్రము కచ్చితముగా వ్రాయవలదు, గ్రామము పేరు చాలును, దళారులును చదువనేర్చినవారే. కలివికోడి ఆనవాళ్లు మరల చెప్పుచున్నాను. జానెడుకు కొంచెము పైబడిన పక్షి, పెద్ద కండ్లు, పొడవాటి కాళ్లు, రొమ్మున రెండు గోధుమవన్నె పట్టీలు, తెల్లని గొంతు. చిట్టడవి పొదల నడుమ ఖాళీ నేలపై, రాత్రివేళ, ఎగురుటకంటె ఎక్కువ పరుగెత్తును. మొదటి పుట ఖాళీగా ఉంచితిని.